ప్రయాణ ప్రశ్నోత్తరాలు: త్సో మొరిరి సరస్సు, కోర్జోక్ గ్రామం

లద్దాఖ్ ఆగ్నేయ భాగాన, చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద ఉన్న త్సో మొరిరి సరస్సు గురించీ, దాని ఒడ్డున ఉన్న ఏకైక పెద్ద ఊరు కోర్జోక్ గురించీ పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వేసవి ప్రయాణాలకు టికెట్లు కొనుక్కునే రోజులు కనుక ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబు ఇచ్చాం.

ప్రశ్న: ఆగస్టులో నాకు ఆరు రోజుల సెలవు దొరుకుతుంది. అమ్మతో కలిసి విమానంలో లేహ్ చేరి, మర్నాడు ఉదయమే కోర్జోక్‌కు బయలుదేరి, అక్కడ రెండు రాత్రులు ఉండి, తిరుగు దారిలో పాంగాంగ్ సరస్సు కూడా చూసి రావాలని అనుకుంటున్నాను. అమ్మకు అరవై రెండేళ్లు. రక్తపోటుకు మాత్ర వేసుకుంటుంది గానీ రోజూ బాగానే నడుస్తుంది. ఈ ఏర్పాటు కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రోడ్డు సంగతి వరకే చూస్తే కుదురుతుంది. లేహ్ నుంచి కోర్జోక్ సుమారు 220 కిలోమీటర్లు. సింధు నది వెంబడి ఉప్షి, చుమథాంగ్, మహే వంతెన, సుమ్డో మీదుగా వెళ్తే ఆరేడు గంటల ప్రయాణం. అయితే ఇటువంటి చోటికి రోజులు లెక్క వేసుకునేటప్పుడు దూరం కంటే ఎత్తును ముందు చూడాలి. లేహ్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంటే, త్సో మొరిరి 4,500 మీటర్లకు పైన ఉంది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన కోస్తా ఊళ్లలో అందే దానిలో అరవై శాతం కూడా ఉండదు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్య నిపుణులు చెబుతారు. మీరు వేసుకున్న ఏర్పాటులో విమానం దిగిన రెండో రాత్రికే ఆ తేడా వెయ్యి మీటర్లు అవుతోంది. రోజూ నడిచే అలవాటు మంచిదే అయినా, ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతకు దానితో పెద్దగా సంబంధం లేదు. అది ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల యువకులకూ వస్తుంది, వాళ్లు ఆగకుండా తొందరపడతారు కనుక ఒక్కోసారి ముందుగా వాళ్లకే వస్తుంది.

అందువల్ల మా సలహా ఇది. మొదటి మూడు రాత్రులూ లేహ్‌లోనే ఉండండి. దిగిన రోజు గదిలో విశ్రాంతి తప్ప మరే పనీ పెట్టుకోవద్దు. రెండో రోజు బజారు వరకు మెల్లగా నడిచి రావచ్చు. మూడో రోజు షే, థిక్సే మఠాల వైపు కారులో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. నాలుగో రోజు నేరుగా కోర్జోక్‌కు పోకుండా దారిలో, సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న చుమథాంగ్‌లో ఆగండి. అక్కడ వేడినీటి ఊటలు ఉన్నాయి, ఉండటానికి సాధారణమైన గదులు దొరుకుతాయి. ఐదో రోజు పొద్దున్నే బయలుదేరితే ఎనభై కిలోమీటర్ల దూరంలోని సరస్సును తీరిగ్గా చూసి, సాయంత్రానికి చుమథాంగ్ తిరిగి వచ్చి పడుకోవచ్చు. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందికి వచ్చి నిద్రపోవడం మీ అమ్మగారికి అన్నిటికంటే క్షేమకరమైన పద్ధతి. ఆరో రోజు లేహ్, ఏడో రోజు ఉదయం విమానం. అంటే మీ సెలవుకు ఇంకొక్క రోజు కలపాలి. అది వీలు కాకపోతే ఈసారికి లేహ్ చుట్టుపక్కల సింధు లోయ చూసి రావడమే మేలని మొహమాటం లేకుండా చెబుతున్నాం. పాంగాంగ్‌ను మాత్రం ఏ లెక్కన చూసినా తీసివేయండి. రెండు సరస్సులను కలిపే చుషుల్ దారి సరిహద్దుకు దగ్గరగా పోతుంది. అది ఒక రోజంతా తినేస్తుంది, పైగా ఆ రోజంతా కారు కిటికీలోంచి చూడటమే మిగులుతుంది.

త్సో మొరిరి విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఈ సరస్సులోకి వాగులు వచ్చి కలుస్తాయే తప్ప అందులోంచి బయటికి పోయే ఏరు లేదు. నీళ్లు కాస్త ఉప్పగా ఉండటానికి కారణం అదే. మనిషి పరిస్థితీ అంతే: చుట్టూ కొండలు కమ్ముకుని ఉండటం వల్ల, కోర్జోక్‌లో ఎవరికైనా ఒంట్లో బాగోలేక కిందికి దింపాలంటే ముందుగా సరస్సు కంటే ఎత్తైన నామ్‌షాంగ్ లా కనుమ ఎక్కి, ఆ తర్వాతే సింధు లోయలోకి దిగాలి. ఎత్తు జబ్బుకు అసలైన మందు కిందికి దిగడం. ఆ మందు ఇక్కడ చేతికి అందే దూరంలో ఉండదు. పెద్ద ఆసుపత్రి లేహ్‌లోనే ఉంది. కనుక తలనొప్పితో పాటు వికారం, నీరసం మొదలైతే ఆ రోజు ఇంకా పైకి వెళ్లవద్దు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, మాట తడబడుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా దింపాలి. అనుమానం ఉంటే నేల మీద ఒక సరళరేఖ గీసి, ఒక పాదం మడమకు మరో పాదం వేళ్లు తాకేలా దాని మీద నడవమనండి. తూలితే అది అలసట వల్ల అనుకుని సరిపెట్టుకోవద్దు. కారులో ప్రాణవాయువు సిలిండర్ ఉంచుకోవడం మంచిదే గానీ అది దారిలో ఆసరా మాత్రమే. అది ఉందన్న ధైర్యంతో అక్కడే ఉండిపోకూడదు.

అసెటజోలమైడ్ మాత్ర ముందు నుంచి వేసుకుంటే శరీరం త్వరగా అలవాటు పడుతుంది. అయితే సల్ఫా మందులు పడనివారు జాగ్రత్త పడాలి, మీ అమ్మగారి రక్తపోటు మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు ఉందేమో కూడా చూడాలి. ఈ రెండూ మీ కుటుంబ వైద్యుడిని అడిగి తేల్చుకోండి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు వేసుకోవద్దు.

ప్రశ్న: మా అన్నయ్య, వదిన అమెరికా నుంచి వస్తున్నారు. వాళ్లకు అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్నాయి. మాతో పాటు సరస్సుకు రావచ్చా? మా అందరికీ అనుమతి పత్రాలు కావాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రావచ్చు గానీ మీకున్న వెసులుబాటు వాళ్లకు ఉండదు. భారత పౌరులు లద్దాఖ్‌లోని ఇటువంటి సరిహద్దు ప్రాంతాలకు వెళ్లడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవలసిన అవసరం లేదని 2021 ఆగస్టులో ప్రకటించారు. పర్యావరణ రుసుము మాత్రం ఆన్‌లైన్‌లో చెల్లించి రసీదు దగ్గర ఉంచుకోవాలి. ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ ఈ విషయంలో మీ అన్నయ్య, వదిన విదేశీయుల కిందే లెక్క. వాళ్లు లేహ్‌లోని గుర్తింపు పొందిన ట్రావెల్ ఏజెంటు ద్వారా ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ తీసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు నకళ్లు ఇస్తే ఆ పని ఏజెంటే చూస్తాడు. అలవాటు పడటానికి లేహ్‌లో ఎలాగూ రెండు మూడు రోజులు ఉంటారు కనుక ఇందుకోసం విడిగా రోజు పోదు. పర్మిట్, రసీదు, ఆధార్ వంటి కాగితాలకు నాలుగైదు నకళ్లు తీయించి కారులో ముందు సీటు దగ్గరే పెట్టుకోండి. తనిఖీ కేంద్రాల్లో ఒక్కోటి అడిగి తీసుకుంటారు. నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు లేహ్ జిల్లా యంత్రాంగం వారి పోర్టల్ ఒకసారి చూడండి.

ప్రశ్న: అక్కడ ఫోన్ పని చేస్తుందా? యూపీఐ చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మన ప్రాంతంలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పని చేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అది కూడా లేహ్ వరకే ధీమా. కోర్జోక్‌లో ఫోన్ లేనట్టే లెక్క వేసుకుని, ఫలానా రోజు వరకు ఫోన్ చేయలేమని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి. బస, భోజనం, డ్రైవరు బత్తా అన్నిటికీ సరిపడా నగదు లేహ్‌లోనే తీసుకోండి. ఎక్కువ భాగం చిన్న నోట్లుగా ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: కోర్జోక్‌లో గుడారాల్లో ఉండాలా, ఊళ్లో ఇళ్లలో ఉండాలా? మేము శాకాహారులం. మరుగుదొడ్ల సంగతి అడగడానికి మొహమాటంగా ఉంది గానీ పిల్లలతో వెళ్తున్నాం కనుక అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగారు. మా మొగ్గు ఊళ్లోని ఇళ్ల వైపే. ఈ ఎత్తున ఆగస్టులో కూడా రాత్రి చలి సున్నా డిగ్రీల దాకా దిగవచ్చు, మధ్యాహ్నం నుంచి గాలి గట్టిగా వీస్తుంది. మట్టి గోడలున్న ఇంట్లో, పొయ్యి ఉన్న వంటగదిలో కూర్చుంటే ఆ తేడా తెలుస్తుంది. గుడారాల్లో మంచాలు, దుప్పట్లు బాగానే ఉంటాయి గానీ రాత్రంతా గుడ్డ కొట్టుకునే చప్పుడుకు పసిపిల్లలు నిద్రపోవడం కష్టం. ఇళ్లలో బస చేస్తే ఆ డబ్బు నేరుగా ఆ కుటుంబానికే చేరుతుంది. వాళ్లలో చాలామంది చాంగ్పాలు, అంటే జడలబర్రెలనూ, పష్మీనా ఉన్నినిచ్చే మేకలనూ మేపుకుంటూ పచ్చిక వెంట తిరిగే సంచార పశుపాలకులు. వేసవిలో ఇంట్లో కొందరు మందలతో దూరపు బీళ్లలో ఉంటే, కొందరు ఊళ్లో అతిథులను చూసుకుంటారు.

మరుగుదొడ్డి చాలా ఇళ్లలో లద్దాఖీ పద్ధతిలో ఉంటుంది: మేడ మీది గదిలో మట్టి పరిచిన నేల, మధ్యలో రంధ్రం, పక్కన పార. పని అయ్యాక ఒక పార మట్టి వేయాలి, నీళ్లు పోయకూడదు. పోస్తే కింద ఎరువు కావలసింది కుళ్లి వాసన వస్తుంది. అది ఏడాది తిరిగేసరికి పొలానికి పోతుంది. పిల్లలకు ముందే వివరించి చెబితే వాళ్లు పెద్దల కంటే తొందరగా అలవాటు పడతారు. శుభ్రం చేసుకోవడానికి తడి రుమాళ్లు తీసుకెళ్లినా, వాడినవి అందులో వేయకుండా సంచిలో కట్టి లేహ్‌కు తెచ్చేయండి.

శాకాహారానికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, రొట్టె, కూరగాయలతో చేసే థుక్పా (నూడుల్స్ చారు), స్క్యూ (గోధుమ పిండి బిళ్లల పులుసు) దొరుకుతాయి. మాంసం వేయవద్దని వంట మొదలు కాకముందే చెప్పాలి. ఆ ఎత్తున నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి కనుక ప్రెషర్ కుక్కర్ లేనిదే బియ్యం, పప్పు ఉడకవు; భోజనం ఆలస్యమైతే పిల్లల కోసం దగ్గర ఏదైనా ఉంచుకోండి. వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ ఇస్తారు. టీ అనుకుని తాగితే నచ్చకపోవచ్చు, పల్చటి చారు అనుకుని తాగి చూడండి. కప్పు ఖాళీ అయిన కొద్దీ నింపుతూనే ఉంటారు. చాలనుకుంటే నిండు కప్పును అలాగే వదిలేసి, లేచేటప్పుడు తాగేయడం అక్కడి మర్యాద.

ఊళ్లోని మఠం టిబెటన్ బౌద్ధంలోని ద్రుక్పా కాగ్యు శాఖకు చెందినది. వేసవిలో అక్కడ గుస్తోర్ ఉత్సవం జరుగుతుంది, ముసుగులు ధరించిన భిక్షువులు నాట్యం చేస్తారు. తేదీ టిబెటన్ పంచాంగం ప్రకారం ఏటా మారుతుంది. ఆ రోజుల్లో వెళ్లదలిస్తే బస ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నల్లమెడ కొంగలను ఫోటో తీయాలని నా కోరిక. సరస్సు ఒడ్డునే గుడారం వేసుకోవచ్చా? డ్రోన్ తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ వద్దు. త్సో మొరిరి 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, చాంగ్‌థాంగ్ వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. నల్లమెడ కొంగలు, తల మీద నల్ల చారలుండే బాతులు (బార్-హెడెడ్ గూస్) గూళ్లు పెట్టేది సరిగ్గా మీరు గుడారం వేయాలనుకుంటున్న ఒడ్డు బురద నేలల్లోనే. డ్రోన్ విషయానికి వస్తే, అభయారణ్యం కావడం అటుంచి అది సరిహద్దు ప్రాంతం కూడా. డ్రోన్ లాక్కోవడంతోనే వదిలేస్తారన్న పూచీ లేదు.

కొంగలకు మనుషుల కంటే కుక్కల బెడద ఎక్కువన్నది చాలామందికి తెలియదు. గుడారాల వెనక పారేసిన తిండి తిని బతికే ఊరకుక్కలు పెరిగి, గుడ్లనూ, ఇంకా ఎగరలేని పిల్లలనూ తినేస్తున్నాయి. కుక్కకు ముద్దుగా బిస్కెట్ వేసే పర్యాటకుడు ఆ సంగతి తెలియకుండానే ఆ పని చేస్తున్నాడు. మీ దగ్గర 400 మిల్లీమీటర్లకు తగ్గని లెన్సు ఉంటే రోడ్డు వదలకుండా, కారునే చాటు చేసుకుని తీయండి. ఈ పక్షులు ఆగి ఉన్న వాహనం కంటే నడిచి వచ్చే మనిషిని చూసి ఎక్కువ బెదురుతాయి. కొంగ మేత మానేసి మెడ నిటారుగా ఎత్తి మీ వైపే చూస్తోందంటే మీరు అప్పటికే మరీ దగ్గరికి వెళ్లారన్న మాట. వెలుతురు ఉదయం తొమ్మిదింటి లోపు బాగుంటుంది, నీళ్లు కూడా అప్పుడే నిశ్చలంగా ఉంటాయి. సుమ్డో నుంచి కోర్జోక్‌కు వచ్చే దారిలో కనిపించే క్యాగర్ త్సో అనే చిన్న సరస్సు దగ్గర కూడా ఆగి చూడండి. ఆ మైదానాల్లో కియాంగ్ అనే అడవి గాడిదలు మేస్తుంటాయి.

ప్రశ్న: మనాలీలో మోటారు సైకిల్ అద్దెకు తీసుకుని లేహ్ మీదుగా త్సో మొరిరి వెళ్లి రావచ్చా?
– ఇద్దరు స్నేహితులు, తిరుపతి

జవాబు: లేహ్ వరకు రావచ్చు. బయట అద్దెకు తీసుకున్న బండి మీద లేహ్ నుంచి సరస్సులు, లోయలు తిరగడానికి అక్కడ బళ్లు అద్దెకిచ్చేవారి సంఘాలు ఒప్పుకోవు, దారిలో ఆపి వెనక్కి పంపుతారు. లేహ్‌లో అక్కడి బండి తీసుకోండి. సొంత బండి అయితే ఈ చిక్కు లేదు, ఆర్‌సీ అసలు పత్రం మీ పేరు మీద ఉండాలి.

లేహ్‌లో గానీ దారిలోని కారూ అనే ఊళ్లో గానీ ట్యాంకు పూర్తిగా నింపి, పైన డబ్బాలో కూడా పెట్రోలు తీసుకెళ్లండి. పలుచటి గాలిలో ఇంజన్ ఎక్కువ తాగుతుంది, ఇసుక దారుల్లో గేరు తగ్గించి నడపాలి కనుక మీ మామూలు మైలేజీ లెక్క అక్కడ పనికి రాదు. తిరుగు దారికి ఓపిక ఉంటే వచ్చిన దారినే కాకుండా సుమ్డో దగ్గర ఎడమకు తిరిగి, పొగలు కక్కే గంధకపు ఊటలున్న పూగా లోయ, పొలొకొంకా లా, త్సో కార్ సరస్సు మీదుగా డెబ్రింగ్ దగ్గర మనాలీ రహదారిలో కలవవచ్చు. ఆ దారిలో లేహ్ చేరాలంటే 5,300 మీటర్లు దాటిన టాంగ్‌లాంగ్ లా ఎక్కి దిగాలి, మధ్యాహ్నం తర్వాత అక్కడ వాతావరణం నమ్మదగినది కాదు. కనుక కోర్జోక్‌లో ఉదయం ఆరింటికే బండి కదలాలి. అంత పొద్దున్నే లేవలేమనుకుంటే వచ్చిన దారినే వెళ్లండి.