చేతిరాతా, టైపింగా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. నోట్సంతా ల్యాప్‌టాప్‌లోనే. ముందు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) వాళ్లు ఇంటర్ అర్హతతో కేంద్ర గుమాస్తా ఉద్యోగాలకు పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్, తర్వాత సివిల్స్ రాస్తానంటోంది. చేత్తో రాయమంటే వినదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: వినకపోతే లెక్క చూపించండి. సివిల్స్ మెయిన్స్‌లో మొదటి మూడు జనరల్ స్టడీస్ పేపర్లలో ఒక్కోదానికి 3 గంటలు, 20 ప్రశ్నలు. పదింటికి 150 పదాలు, పదింటికి 250. మొత్తం 4,000 పదాలు. అంటే ఆలోచించే టైము కూడా కలిపి నిమిషానికి 22. అంతా పెన్నుతోనే.

కీబోర్డుకు అలవాటైన చెయ్యి మొదటి గంట బాగానే నడుస్తుంది. రెండో గంటలో బొటనవేలు లాగుతుంది, అక్షరాలు వంకర్లు పోతాయి. పెన్నును పాళీకి మరీ దగ్గరగా బిగబట్టి, వేళ్లతోనే రాయడం వల్ల వచ్చే తిప్పలివి. కాస్త పైకి, వదులుగా పట్టుకోవాలి. ముంజేయి బల్లకు ఆనించి, చెయ్యంతా జరుగుతూ రాయాలి. గట్టిగా నొక్కాల్సిన పెన్ను వద్దు. రోజుకు రెండు జవాబులు చాలు: 150 పదాలది 7 నిమిషాల్లో, 250 పదాలది 11 నిమిషాల్లో. ఆదివారాలు ఏకబిగిన గంటతో మొదలుపెట్టి నెమ్మదిగా మూడు గంటలకు తీసుకెళ్లాలి.

క్లాసు నోట్సు కూడా చేత్తో రాస్తేనే మేలంటాను. టైపు చేసేవాళ్లు విన్నది విన్నట్టు ఎక్కించేస్తారు. చేతికి అంత వేగం ఉండదు కనుక ఏది ముఖ్యమో అక్కడే తేల్చుకోవాల్సి వస్తుంది. 2014లో ముల్లర్, ఒపెన్‌హైమర్‌ల పరిశోధన చెప్పిందీ ఇదే. తర్వాతి పరిశోధనల్లో తేడా అంత గట్టిగా తేలలేదు, అందుకని ల్యాప్‌టాప్ మూసేయమనను. కరెంట్ అఫైర్స్ అందులోనే ఉండనివ్వండి, వెతుక్కోవడం సులువు.

సీహెచ్‌ఎస్‌ఎల్ సంగతి వేరు. ఎల్డీసీ (లోయర్ డివిజన్ క్లర్క్) పోస్టుకు ఇంగ్లిష్ టైపింగ్ నిమిషానికి 35 పదాలు, అంటే గంటకు 10,500 కీలు. పరీక్ష 10 నిమిషాలు. మార్కులు కలవవు, కానీ తప్పితే ఆ పోస్టు పోయినట్టే. రోజూ టైపు చేస్తోంది కదా అని ధీమా పడకండి. కీలు చూస్తూ కొట్టేవాళ్లు ప్యాసేజీలో వరస తప్పుతారు. ఎడమ వేళ్లు ఎ, ఎస్, డి, ఎఫ్ మీద, కుడివి జె, కె, ఎల్, సెమికోలన్ మీద పెట్టి మొదటినుంచీ నేర్చుకోవాలి. ఎఫ్, జె మీద చిన్న గీతలుంటాయి, తడిమితే తెలుస్తుంది. మొదట్లో, ఉన్న వేగం కూడా పడిపోతుంది. చాలామంది అక్కడే పాత పద్ధతికి పోతారు. సాధన డెస్క్‌టాప్ కీబోర్డు మీదే చేయించండి. ల్యాప్‌టాప్ కీలు లోతు తక్కువ; పరీక్ష హాల్లో వేలు తడబడుతుంది.