సమాధానం: అమెరికాలో ఫాస్టర్ కేర్‌లో ఉన్న మీ చెల్లెలి పిల్లలు ఎప్పుడు తిరిగొస్తారు

మీ చెల్లెలి పిల్లల్ని ఫాస్టర్ కేర్‌లో (తల్లిదండ్రుల నుంచి తీసుకుని ప్రభుత్వం ఏర్పాటు చేసే తాత్కాలిక సంరక్షణ) పెట్టి పది నెలలైంది, ఎప్పుడు తిరిగిస్తారని అడిగారు. ఇన్ని నెలలైనా పిల్లల్ని ఇవ్వలేదంటే, చాలావరకు కేస్ ప్లాన్ (పిల్లలు తిరిగి రావాలంటే తల్లిదండ్రులు పూర్తిచేయాల్సిన పనుల జాబితా) పూర్తికాకపోవడమే కారణం. పేరెంటింగ్ క్లాసులు, కౌన్సెలింగ్, పిల్లల్ని కలిసే విజిట్లు: వీటిలో ఏది ఆగిందో చెల్లెలి లాయర్‌నే అడగండి.

ఇన్నాళ్లే ఉంచాలన్న లెక్క లేదు. 1997 నాటి ఫెడరల్ చట్టంలో రెండు గడువులున్నాయి:

1. ఫాస్టర్ కేర్‌లోకి వెళ్లిన 12 నెలల్లోపు పర్మనెన్సీ హియరింగ్, అంటే పిల్లలు శాశ్వతంగా ఎక్కడ ఉండాలో తేల్చే కోర్టు విచారణ. మీకిది దగ్గరపడింది.
2. గత 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో గడిస్తే, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు పిల్లల సంక్షేమ ఏజెన్సీ సాధారణంగా పిటిషన్ వేయాలి.

అందరూ వదిలేసేది దీని మినహాయింపునే. పిల్లలు బంధువుల సంరక్షణలో ఉంటే ఆ పిటిషన్ వేయకుండా ఆగే వీలు రాష్ట్రానికి ఉంది. అందుకే మేనమామగా మీరు ముందుకు రావాలి, ఇలా:

1. కేస్‌వర్కర్‌కి (ఏజెన్సీలో ఈ కేసు చూసే ఉద్యోగి) ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. పిల్లల్ని మా ఇంట్లో ఉంచుకుంటామని ఈమెయిల్ రాయండి. కాపీ లాయర్‌కి పంపండి.
2. మీరుండేది వేరే రాష్ట్రం అన్నారు. అయితే ఐసీపీసీ (పిల్లల్ని వేరే రాష్ట్రంలో ఉంచడంపై రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం) కింద మీ ఇంటి పరిశీలన జరగాలి, దానికి నెలలు పట్టొచ్చు. హియరింగ్ దాకా ఆగకుండా ఈ వారమే అడగండి.