తండ్రి సీటా, భర్త సీటా అని ఆడవాళ్లనే ఎందుకు అడుగుతారు?

ప్రశ్న: మాది పాకాల మండలం. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. రాజకీయాల్లోకి వెళ్లాలని ఉందంటే ఇంట్లో నవ్వుతున్నారు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రాజకీయాల్లో పైకొచ్చిన ఆడవాళ్లంతా తండ్రి పేరుతోనో భర్త పేరుతోనో వచ్చినవాళ్లే, నీకెవరున్నారే అంటున్నారు. గల్లా అరుణకుమారి గారి గురించి కూడా అదే మాట. నిజమేనా మేడం?

జవాబు: సగం నిజం తల్లీ, ఆ సగాన్ని దాచాల్సిన పని లేదు. అరుణకుమారి గారి నాన్న పాటూరి రాజగోపాల నాయుడు చిత్తూరు ఎంపీగా చేశారు, భర్త రామచంద్ర నాయుడు అమరరాజా బ్యాటరీల కంపెనీ పెట్టారు. పేరూ డబ్బూ రెండూ ఉన్న ఇల్లు. 1989లో చంద్రగిరి నుంచి ఆమె ఎమ్మెల్యేగా గెలవడంలో వాటి పాత్ర లేదంటే ఎవరూ నమ్మరు.

మీ ఇంట్లోవాళ్లు చెప్పని సగం 1994లో మొదలవుతుంది. ఆ ఏడాది కాంగ్రెస్ రాష్ట్రమంతా కొట్టుకుపోయింది, ఆమె కూడా నారా రామ్మూర్తి నాయుడి చేతిలో ఓడిపోయారు. ఉన్నదంతా నాన్న పేరే అయితే అక్కడితో కథ అయిపోవాలి కదా. 1999లో మళ్లీ నిలబడ్డారు, అదీ ఎక్కడ, చంద్రబాబు గారి సొంతూరు నారావారిపల్లె ఉన్న నియోజకవర్గంలో, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఆయన సొంత తమ్ముడైన అదే రామ్మూర్తి నాయుడి మీద. రాష్ట్రంలో టీడీపీ గెలిచింది, చంద్రగిరిలో ఆమె గెలిచారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. రామ్మూర్తి నాయుడు అన్న పేరుతో వచ్చాడా అని ఈ చుట్టుపక్కల ఎవరైనా అడగడం మీరు విన్నారా? ఆ ప్రశ్న ఆడవాళ్ల కోసమే దాచిపెడతారు.

తర్వాత 2004, 2009 కూడా ఆమెవే. వైఎస్, రోశయ్య, కిరణ్‌కుమార్ రెడ్డి ముగ్గురి మంత్రివర్గాల్లోనూ ఉన్నారు. మహిళ అంటే స్త్రీ శిశు సంక్షేమం ఇచ్చి సరిపెట్టే అలవాటున్న చోట రోడ్లు భవనాలు, గనుల శాఖలు చూశారు. 2014లో టీడీపీలో చేరి చెవిరెడ్డి భాస్కరరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ పార్టీ మారడం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి.

2009లో చంద్రగిరిలో ఆమె చేతిలో ఓడింది రోజా గారు. అంతకుముందు 2004లో నగరిలోనూ ఓడారు. రెండు ఓటముల తర్వాత 2014లో అదే నగరిలో 858 ఓట్లతో బయటపడ్డారు, 2019లో మళ్లీ గెలిచారు, 2022లో మంత్రి అయ్యారు, 2024లో ఓడిపోయారు. ఆమె మాటతీరు మీకు నచ్చకపోవచ్చు, కానీ ఆమె వెనక రాజకీయాల్లో ఉన్న తండ్రి లేడు.

మీ ఇంట్లో తప్పకుండా చెప్పాల్సిన పేరు డాక్టర్ గుమ్మడి కుతూహలమ్మ. పుట్టింది మన జిల్లా కూడా కాదు, కందుకూరు. ఎస్సీ రిజర్వుడు సీటు వేపంజేరిలో 1985లో, అంటే ఎన్టీఆర్ గాలి గట్టిగా వీస్తున్నప్పుడు, కాంగ్రెస్ నుంచి గెలిచారు. మొత్తం ఐదుసార్లు ఎమ్మెల్యే, చివరిసారి 2009లో గంగాధర నెల్లూరు నుంచి. 2007లో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీకి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇంత పెద్ద జీవితం గురించి మన కాలేజీ పిల్లలకు తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

భర్త స్థానంలో వచ్చినవాళ్ల సంగతికి సుగుణమ్మ గారిని చూడండి. తిరుపతి ఎమ్మెల్యే వెంకటరమణ గారు చనిపోతే 2015 ఫిబ్రవరి ఉప ఎన్నికలో ఆమెకు లక్షా 16 వేలకు పైగా మెజారిటీ వచ్చింది, వైసీపీ పోటీ పెట్టలేదు కాబట్టి. 2019లో అదే తిరుపతిలో భూమన కరుణాకరరెడ్డి మీద 708 ఓట్లతో ఓడారు. నన్నడిగితే మొదటిది భర్త మీద జనానికున్న అభిమానం. రెండోసారి అంత గట్టి పోటీలో అంత దగ్గరికి రావడం మాత్రం ఆమె సొంత సంపాదన.

ఇంట్లో నవ్వు వెనక భయం కూడా ఉండొచ్చమ్మా. 2015 నవంబర్ 17న చిత్తూరు మేయర్ కఠారి అనురాధ గారిని కార్పొరేషన్ ఆఫీసులోనే చంపేశారు, భర్త మోహన్ గారు కూడా చనిపోయారు. ఆ రోజు చూసిన తరం ఇంకా మర్చిపోలేదు. కాబట్టి అమ్మానాన్నలతో వాదన పెట్టుకోవద్దు, కూర్చుని మాట్లాడండి. ఈలోగా మీ ఊరి గ్రామసభకు వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టండి, దానికి ఎవరి పేరూ అక్కర్లేదు.

ప్రశ్న: ఈసారి మా ఊరి సర్పంచ్ సీటు లేడీస్‌కి వస్తుందంటున్నారు. మా ఆయన "నువ్వు నిలబడు, సంతకం పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నాడు. మాకు ముగ్గురు పిల్లలు. నేను అర్హురాలినేనా? ఆయన చెప్పినట్టు చేయొచ్చా? (గంగాధర నెల్లూరు మండలం నుంచి ఒక అక్క)

జవాబు: పిల్లల గురించి టెన్షన్ వద్దక్కా. ఇద్దరికంటే ఎక్కువ ఉంటే పనికిరారన్న నిబంధనను 2024 నవంబర్‌లో మన అసెంబ్లీ తీసేసింది. మీకు 21 ఏళ్లు నిండాయో లేదో, మీ పంచాయతీ ఓటర్ల లిస్టులో పేరు ఉందో లేదో చూసుకోండి.

రెండో ప్రశ్నకు నా జవాబు చేయొద్దనే. ఇప్పుడు సంతకం అంటే చెక్కు మీద గీసే గీత ఒక్కటే కాదు. ఆర్థిక సంఘం డబ్బులు, అంటే కేంద్రం పంచాయతీలకు ఇచ్చే నిధులు, ఆన్‌లైన్లో కదులుతాయి, వాటికి సర్పంచ్ పేరు మీద పెన్‌డ్రైవ్ లాంటి ఒక డిజిటల్ కీ ఇస్తారు. ఆ కీ, దాని పాస్‌వర్డ్ ఎవరి జేబులో ఉంటే పంచాయతీ వాళ్లదే. చాలా ఊళ్లలో అది భర్త జేబులోనో, కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడి డ్రాయర్లోనో ఉంటోంది. రేపు బోరు మోటారు రిపేరు చేయకుండానే బిల్లు వెళ్లిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే నోటీసు మీ పేరు మీద వస్తుంది, మీ ఆయన పేరు మీద కాదు. డబ్బు తిరిగి కట్టమనేదీ మిమ్మల్నే.

అందుకని గెలిచిన మొదటి నెలలోనే కీ మీ దగ్గర పెట్టుకోండి. తీర్మానాల పుస్తకం మీరే చదవండి, రాయని పేజీ కింద సంతకం పెట్టొద్దు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని రూలుండేది. ఇప్పుడు మీకొచ్చే డబ్బుకు ఏ రూలుందో సెక్రటరీని అడగండి, అర్థం కాకపోతే మళ్లీ అడగండి, విసుక్కుంటే ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లండి. మీ ఆయన సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు, బండి మీద దింపమనండి, ఓట్లు అడగమనండి. సర్పంచ్ కుర్చీలో మాత్రం మీరే కూర్చోండి.

ప్రశ్న: అసెంబ్లీలో మహిళలకు మూడో వంతు సీట్లని చట్టం చేశారు కదా, మరి 2024లో ఎందుకు లేదు? (శ్రీకాళహస్తి)

జవాబు: 2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు పాస్ చేసింది, 106వ రాజ్యాంగ సవరణ అది. కానీ అందులోనే మెలిక పెట్టారు. చట్టం అమల్లోకి వచ్చాక జరిగే జనాభా లెక్కలు, వాటిని బట్టి జరిగే నియోజకవర్గాల పునర్విభజన, ఈ రెండూ అయ్యాకే సీట్లు అని. అందుకే 2024 ఎన్నికలకు అందలేదు. పంచాయతీల్లో మన రాష్ట్రంలో ఇప్పటికే సగం సీట్లు మహిళలవి, దానికి ఏ లెక్కల కోసమూ ఆగనక్కర్లేదు.