ఊరందరి చేతా మాన్పిస్తున్నారు, ఇంట్లో మాత్రం ఉండట్లేదు

ప్రశ్న: మాది పల్లెటూరు. మావారు పన్నెండేళ్ళు విపరీతంగా తాగారు. ఆసుపత్రిలో చేరి మానేసి ఐదేళ్ళయింది. ఇప్పుడు మా ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎవరు తాగుడు మానాలనుకున్నా ఈయన్నే పిలుస్తున్నారు. ఆరోగ్య కేంద్రంవాళ్ళు కూడా ‘మీరు చెబితే వింటారు’ అని పంపుతున్నారు. అర్ధరాత్రి ఫోన్ మోగితే చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయల్దేరతారు. ఈయన మాన్పించిన ఒకతను రెండు నెలల క్రితం మళ్ళీ మొదలుపెట్టి చనిపోయాడు. అప్పట్నుంచి ఈయనకు నిద్ర లేదు, ఇంట్లో మాటా లేదు. ఫోనొస్తే మాత్రం వెళ్తున్నారు. మళ్ళీ తాగుతారేమోనని నాకు ఒకటే టెన్షన్. పైగా ఊళ్ళో ఆడవాళ్ళు నా దగ్గరికొచ్చి ‘మీ ఆయనకు ఏం కలిపి పెట్టావు, మాకూ చెప్పు’ అంటున్నారు. ఇదంతా ఇక చాలించమని ఆయనతో అనాలనుంది. అంటే స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదమ్మా. పన్నెండేళ్ళు ఆయన తాగివస్తారని రాత్రిళ్ళు మేలుకున్నారు. ఇప్పుడు ఇంకొకరి తాగుడు మాన్పించి వస్తారని మేలుకుంటున్నారు. భయం గురించే ఎక్కువ రాశారు గానీ, ఉత్తరం నిండా నాకు కనిపించింది కోపం. తాగినన్నాళ్ళూ దక్కని మనిషి, మానేశాకైనా దక్కుతాడనుకుంటే ఊరివాళ్ళు పట్టుకుపోయారు. ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా?

ఇదే కోపంతో ఒకావిడ మొగుడి మీద చెప్పు విసిరింది. 1935లో అమెరికాలోని యాక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరూ, బాబ్ స్మిత్ అనే సర్జనూ కలిసి, తాగుడు మానాలనుకునేవాళ్ళు మీటింగుల్లో కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం, ఆల్కహాలిక్స్ అనానిమస్‌ మొదలుపెట్టారు. ఇద్దరూ తాగి తాగి చితికిపోయినవాళ్ళే. విల్సన్ మానేశాక ఎప్పుడు చూసినా మీటింగులే. ఒకరోజు ‘తొందరగా తెములు, మీటింగుకు టైమవుతోంది’ అన్నాడని భార్య లోయిస్‌కు ఒళ్ళు మండిపోయింది. నీ మీటింగులు తగలెయ్య అంటూ చెప్పు తీసి విసిరింది. ఆయన తాగినన్నాళ్ళూ ఉద్యోగం చేసి ఇల్లు గడిపింది తను, మాన్పించాలని తల బాదుకుంది తను. తీరా ఆ పని చేసింది ఎవరో బయటివాళ్ళు. ఆ ఉక్రోషం ఎంత సహజమో మీకు నేను చెప్పక్కర్లేదు. తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే సంఘం వెనక ఉన్నది ఆ లోయిసే.

అయినా, పూర్తిగా చాలించమని మాత్రం అడగొద్దంటాను. విల్సన్ మొదటి నెలల్లో ఎంతమంది తాగుబోతుల వెంట పడ్డా ఒక్కరూ మానలేదు. కానీ వాళ్ళ వెంట తిరుగుతున్నన్నాళ్ళూ తను తాగలేదు. యాక్రన్‌లో పని చెడి, హోటల్లో ఒంటరిగా ఉండగా బారు వైపు మనసు లాగితే, మాట్లాడటానికి ఇంకో తాగుబోతు ఎవరైనా దొరుకుతారా అని ఫోన్లు చేశాడు. స్మిత్ పరిచయమైంది అలాగే. మద్యం వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్ళ మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, తోటివాళ్ళకు సాయపడ్డవాళ్ళలో 40 శాతం మంది ఆ తర్వాత ఏడాదంతా చుక్క ముట్టలేదు. సాయపడనివాళ్ళలో అలా నిలబడింది 22 శాతమే. పట్టుదల ఉన్నవాళ్ళే సాయానికి ముందుకొచ్చి ఉండొచ్చు గనక గొప్పంతా సాయానిదే అనలేం. అయినా ఆ తేడా చిన్నదేం కాదు.

ఊరికీ ఈయన అవసరం ఉంది. డాక్టరుతో ‘ఎప్పుడైనా కొంచెం’ అని అబద్ధం చెప్పే మనిషి, ఈయనతో చెప్పలేడు. సీసా ఎక్కడెక్కడ దాస్తారో ఈయనకు తెలుసు. అప్పులు చేసి, పిల్లల ముందు పడిపోయి, పొద్దున లేచి సిగ్గుతో తల దించుకున్న రోజులు ఈయనవీ ఉన్నాయి. ఆసుపత్రి ఎక్కడో దూరాన ఉండి, రాత్రి బస్సు కూడా లేని చోట, కూర్చుని వినే మనిషి దొరకడం మామూలు విషయం కాదు.

తేడా వచ్చింది ఆయన వెళ్ళే పద్ధతిలో. ఒక్కరే వెళ్తున్నారు, ఏ వేళప్పుడు పిలిచినా వెళ్తున్నారు, డాక్టరు చేయాల్సింది కూడా నెత్తినేసుకుంటున్నారు.

ఈ చివరిది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ప్రాణాలతో పని. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ‘రేపట్నుంచి బంద్’ అని ఒక్కసారిగా ఆపేస్తే, కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఒళ్ళు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే చనిపోవచ్చు. ధైర్యం చెప్పి, పక్కన కూర్చుని, దుప్పటి కప్పి దాటించేది కాదిది. ఆసుపత్రిలో వణుకు తగ్గడానికి మందులిస్తారు, బీ1 విటమిన్ ఎక్కిస్తారు. ఆ విటమిన్ బాగా తగ్గిపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది.

అందుకని ఫోనొచ్చినప్పుడు చొక్కా కోసం వెతికేముందు అడగాల్సినవి ఒక కాగితం మీద రాసి ఫోను దగ్గర అంటించమనండి. చివరిసారి ఎప్పుడు తాగాడు? రోజూ తాగే మనిషేనా? ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ఇప్పుడు ఎవరెవరో గుర్తుపడుతున్నాడా? జవాబులు తేడాగా ఉంటే ఈయన వెళ్ళాల్సింది వాళ్ళింటికి కాదు, ఆసుపత్రికి. అది కూడా వాళ్ళను బండి ఎక్కించమని చెప్పాకే. రాత్రిపూట ఎవరి బండి దొరుకుతుందో ఆరోగ్య కేంద్రంవాళ్ళతో కలిసి ముందే మాట్లాడిపెట్టుకోవాలి. అలా కాకుండా మనిషి అప్పుడే తాగి ఉంటే, ఆ రాత్రి ఎంత చెప్పినా తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టమని, లేపినా లేవకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పి, ‘పొద్దున్నే వస్తాను’ అంటే చాలు. ఇలా చేస్తే చాలా రాత్రులు ఆయన ఇంట్లోనే ఉంటారు.

పగటిపూట వెళ్ళినా ఇద్దరు కలిసి వెళ్ళాలి. ఈయన మాన్పించినవాళ్ళలో ఏడాది దాటి నిలబడ్డవాళ్ళు ఉంటారుగా, వాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకోవాలి. తాగే చోటికి వెళ్ళి పిలుచుకురావడం, చేబదులివ్వడం రెండూ వద్దు. ఇంకో సంగతి. పల్లెలో ఎవరి బండి ఎవరి ఇంటిముందు ఆగిందో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఈయన బండి ఆగిందంటే ఆ ఇంట్లో తాగుడు ముదిరిందని అర్థం. ఆ ఇంటివాళ్ళ పరువు కోసం పొలం దారిలోనో, ఆరోగ్య కేంద్రం వెనకో కలుసుకుంటే మంచిది. ఎవరైనా ఆరా తీస్తే, మీరు ‘నాకు తెలియదు’ అనేయండి. నిజంగా తెలియకుండా ఉండటమే మీకు హాయి కూడా.

ఆరోగ్య కేంద్రంవాళ్ళ మీద నాకు కాస్త కోపంగానే ఉంది. మనిషిని వాడుకుంటున్నారు గానీ కాస్త శిక్షణ, ఒక నర్సు నంబరు, పెట్రోలు ఖర్చు ఇవ్వాలని తోచలేదు. కొన్ని దేశాల్లో ఇది శిక్షణా జీతమూ ఉన్న ఉద్యోగం, పైన బాగోగులు చూసే అధికారి ఉంటారు. మీరిద్దరూ కలిసి వెళ్ళి అడగండి. మొహమాటపడొద్దు.

ఇక చనిపోయినతని గురించి. ‘ఆయన చేతిలో పడితే మానేస్తారు’ అని ఊరు అంటుంటే మీవారు కాదని ఉండరు. మానిన ప్రతివాడూ ఈయన ఖాతాలో పడితే, పోయినవాడూ ఈయన ఖాతాలోనే పడతాడు. ఇప్పుడు ఆయన్ని తినేస్తున్నది అదే అనుకుంటున్నాను. వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ జారుతుంటారని అంచనా. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు చెప్పినట్టు వినక మళ్ళీ జబ్బు పైకి తెచ్చుకునేదీ ఇంచుమించు అంతే. బీపీ మందులు మానేసి మనిషి పడిపోతే, పక్కింటివాడు నేరం తనదని నిద్ర మానుకోడు కదా. ఇది ఆయనకు తెలియక కాదు. కానీ మీరు చెబితే ఓదార్పులా వినిపిస్తుంది. తనలాగే తాగి మానిన ఇంకో మనిషి, తనకంటే పాతకాపు, చెబితే లోపలికి దిగుతుంది. ఊరంతా ఈయనకు ఫోన్ చేస్తోంది, ఈయన ఎవరికి చేస్తారు? ఆ జవాబు లేకపోతే ఐదేళ్ళ కింద ఆయనకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికో, కౌన్సెలరు దగ్గరికో ఈ వారంలోనే తీసుకెళ్ళండి. అప్పటిదాకా కొత్త కేసులు ఒప్పుకోవద్దనండి. ఇది మీరు గట్టిగా అడగొచ్చు.

తాగుతారేమోనన్న భయం ఉంది కాబట్టి ఇంటికొచ్చినప్పుడల్లా దగ్గరికెళ్ళి వాసన చూస్తుంటారేమో. ఆయన కనిపెడతారు, బాధపడతారు. దానికంటే ‘తాగాలనిపిస్తోందా?’ అని మొహం మీదే అడగండి. అడిగినంత మాత్రాన తాగరు. అవునంటే అరవకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి బయల్దేరండి. తిండి మానేయడం, ఆయన వెళ్ళే అలాంటి మీటింగులేమైనా ఉంటే వాటికి వెళ్ళకపోవడం, ‘ఏం చేసి ఏం లాభం’ అనడం మొదలైనా అంతే. చచ్చిపోవాలనుంది లాంటి మాట వస్తే ఒంటరిగా వదలకండి.

మీ కోపం సంగతి మాట్లాడటానికి కూడా ఒక టైం ఎంచుకోండి, ఫోన్ మోగిన క్షణంలో కాకుండా. ‘వారంలో రెండు సాయంత్రాలు ఫోన్ ఆపేసి నాతో, పిల్లలతో ఉండాలి’ అని స్పష్టంగా అడగండి. ‘మాకు టైం ఇవ్వట్లేదు’ అంటే సారీ చెప్పి మర్నాడు మళ్ళీ వెళ్ళిపోతారు.

ఇక ఆ ఆడవాళ్ళు. వాళ్ళు అడిగేది తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే మాత్ర గురించి. డైసల్ఫిరాం అనే మందు ఉన్నమాట నిజమే. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులయ్యి, బీపీ పడిపోతుంది, గుండె జబ్బున్నవాళ్ళకు ప్రాణం మీదికే వస్తుంది. అందుకే వేసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్ష చేశాకే ఇవ్వాలి. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి వేరే మందులూ ఉన్నాయి, అవి కూడా డాక్టరే రాయాలి. ఇంతమాత్రం చెప్పి ఆసుపత్రికి పంపండి. ఎప్పుడైనా వాళ్ళతో కూర్చుని మీ పన్నెండేళ్ళూ చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోండి. అనిపించకపోతే, గుమ్మం దగ్గరే మాట్లాడి పంపేయండి. మీ ఆయన ఊరికి సాయం చేస్తున్నారని మీరూ చేయాలని రూలేం లేదు.