కచేరీలో విన్న తంబురా ఫోన్‌లో ఎందుకు మాయమైంది?

ప్రశ్న: శ్రీరామనవమికి మా ఊరి రామాలయంలో గాత్ర కచేరీ జరిగింది. ఐదో వరుసలో కూర్చుని మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే పాట బావిలోంచి వస్తున్నట్టుంది, మృదంగం రేకుడబ్బా మోతలా ఉంది, తంబురా అసలు వినిపించడమే లేదు. ఫోన్ మైకు పాడైందా? ఖరీదైన ఫోన్ కొనాలా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ మైకు బాగానే ఉంది, కొత్త ఫోన్ కొన్నా ఇదే రికార్డరు, ఇవే సెట్టింగులు అయితే ఫలితం పెద్దగా మారదు.

ముందుగా తంబురా సంగతి. ఫోన్లలో ఉండే వాయిస్ రికార్డర్లు ప్రధానంగా మాటల కోసం తయారైనవి. మాట ఆగి ఆగి వస్తుంది కనుక, ఆగకుండా ఒకే తీరున మోగే ధ్వనిని ఫ్యాను రొదగానో ఏసీ రొదగానో లెక్కగట్టి, నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ దాన్ని అణచివేస్తుంది. కచేరీలో మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున మోగేది తంబురా పలికే శ్రుతి ఒక్కటే. పాటకు ఆధారమైన దాన్నే సాఫ్ట్‌వేర్ చెత్త కింద జమకట్టి ఊడ్చేసిందన్నమాట.

రెండోది ఆటోమేటిక్ గెయిన్, అంటే రికార్డరు తనంతట తానే ధ్వని స్థాయిని తగ్గిస్తూ పెంచుతూ ఉండే సదుపాయం. తనియావర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మొదలైన చోట మీ ఫైలును మరోసారి వినండి. గట్టి దెబ్బ పడగానే ధ్వని మొత్తం కుంగిపోయి, దెబ్బకూ దెబ్బకూ మధ్య మెల్లగా పైకి లేస్తూ, వెనక వరుసలోని దగ్గును కూడా పెద్దది చేసి వినిపిస్తుంటుంది. 16 బిట్ల రికార్డింగుకు అతి సన్నని, అతి గట్టి ధ్వనుల మధ్య దాదాపు 96 డెసిబెళ్ల వ్యత్యాసాన్ని పట్టుకునే శక్తి ఉన్నా, హెచ్చుతగ్గులన్నింటినీ ఈ సదుపాయం చదును చేసేయడం వల్ల ఆలాపనలోని సన్నని సంగతికీ మృదంగం తీర్మానంలోని (ముగింపు జతుల్లోని) ఉరుముకూ తేడా లేకుండా పోతుంది.

మృదంగానికి ఎడమవైపు మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దడం మీరు చూసే ఉంటారు. ఆ బరువు వల్లనే గుమ్మనే మంద్రనాదం పుడుతుంది. కుడివైపు నల్లని పూత వల్ల ఉపస్వరాలు (మూల స్వరంతోపాటు పుట్టే పై స్వరాలు) పూర్ణసంఖ్యల నిష్పత్తిలో అమరి స్పష్టమైన స్వరం పలుకుతుందని సి.వి.రామన్ 1920లోనే వివరించారు. ఫోన్ స్పీకరు చాలా చిన్నది, మంద్రనాదానికి కావలసినంత గాలిని కదల్చలేదు కనుక ఎడమవైపు నాదం పోయి కుడివైపు టకటకలే మిగులుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా, ధ్వని తగ్గించి వింటే మన చెవికి మంద్రస్థాయి మరీ తక్కువగా తెలుస్తుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపారు.

ఇక బావి. రాతి మండపంలో గాయకుడి గొంతుతోపాటు గోడలనుంచి, పైకప్పు నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని కూడా మీ దాకా వస్తుంది. ఒక పక్కనుంచి వచ్చే శబ్దం రెండు చెవులకూ చేరడంలో సెకనులో వెయ్యో వంతు కూడా తేడా ఉండదు. అంత సూక్ష్మమైన తేడాతోనే మెదడు ఏది గాయకుడి వైపు నుంచి వచ్చిందో, ఏది గోడ నుంచి వచ్చిందో విడదీసి ప్రతిధ్వనిని పక్కన పెడుతుంది. ఒకే మైకుతో రికార్డయిన ఫైలులో అన్నీ ఒకే దిక్కునుంచి వస్తాయి కనుక విడదీయడం మెదడు తరం కాదు. (మన సభల్లో చాలాచోట్ల కచేరీ కూడా పెద్ద స్పీకర్లలోంచే వినిపిస్తుంది కాబట్టి, అసలు నాదం అక్కడా కొంత మారే ఉంటుంది.)

ఈసారి మాత్రం మొదటి వరుసలో కూర్చోండి; దూరం తగ్గితే ప్రతిధ్వని వాటా తగ్గుతుంది. నాయిస్ తగ్గింపునూ ఆటోమేటిక్ గెయిన్‌నూ ఆపుకునే వీలున్న రికార్డర్ యాప్ తీసుకుని, మృదంగం గట్టిగా మోగినప్పుడు కూడా యాప్‌లో ధ్వని స్థాయిని చూపే మీటరు ఎర్రగీత దాటకుండా స్థాయిని ముందే సరిచూసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో వేవ్ (WAV, కుదించని) ఫైలుగా దాస్తే నిమిషానికి సుమారు 11.5 ఎంబీ, రెండు గంటల కచేరీకి దాదాపు 1.4 జీబీ పడుతుంది కనుక ఫోన్‌లో ముందే చోటు చూసుకోండి. ఫ్లైట్ మోడ్ కూడా పెట్టండి, లేకపోతే మధ్యలో వచ్చే ఒక్క ఫోన్ కాల్ రికార్డింగును ఆపేయవచ్చు.