రింగు మీద ఎగిరిన బంతి తీర్పు చెప్పకూడదు

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. మీ జట్టు ఓడింది కాబట్టి జనరల్ మేనేజర్‌ని (ఆటగాళ్లను ఎంచి తెచ్చే మనిషిని) తీసెయ్యాలన్నావు. తీసెయ్యాల్సిన మనిషే కావచ్చు. కానీ నువ్వు చూపించిందల్లా పాయింట్ల పట్టిక ఒక్కటే. అది చాలదు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2019 మే 12న టొరంటో, ఫిలడెల్ఫియా మధ్య సిరీస్‌ని తేల్చే ఏడో మ్యాచ్ గుర్తుందా? స్కోరు 90-90. ఆఖరి క్షణంలో టొరంటో ఆటగాడు కవై లెనర్డ్ మూల నుంచి, ఫిలడెల్ఫియా ఆటగాడు ఎంబీడ్ చాచిన చేతి మీదుగా బంతి విసిరాడు. అది రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. ఆ ఏడాది టొరంటో ఛాంపియన్ అయింది. బంతి బయట పడి ఉంటే ఆట ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లేది.

కవైని పది నెలల ముందు తెచ్చింది మసాయి ఉజిరి. (అప్పట్లో ఆయన హోదా జట్టు ప్రెసిడెంట్. అసలు నిర్ణయం ఎవరిదో ముందు కనుక్కో, హోదాల పేర్లు చూసి మోసపోకు.) తొమ్మిది సీజన్లు ఆడి అభిమానుల మనసు గెలిచిన డెరోజన్‌ని వదులుకున్నాడు. బదులుగా వచ్చిన కవై ముందు సీజన్‌లో గాయంతో 9 మ్యాచ్‌లే ఆడాడు. కాంట్రాక్టు ఇంకొక్క ఏడాదే ఉంది. ఆ రోజు నా నోట్‌బుక్‌లో ‘తొందరపడ్డాడు’ అని రాసుకున్నాను. డెరోజన్ మీది ఇష్టం నాచేత అలా రాయించింది. ఉజిరి ముందున్న లెక్క వేరు: మూడేళ్లు వరసగా క్లీవ్‌లాండ్ చేతిలో ఓటమి, ఇప్పుడు అక్కడ వాళ్ల మేటి ఆటగాడు లెబ్రాన్ లేడు, తలుపు కాస్త తెరుచుకుంది. అది చెయ్యదగ్గ సాహసమే. బంతి బయట పడినా అది మంచి నిర్ణయమే అయ్యేది. మరుసటి నెల ట్రోఫీ వచ్చినా, జూలైలో కవై జట్టు వదిలి వెళ్లిపోయినా ఆ మాట మారదు.

అందుకే నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టుకో. ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) జరిగిన రోజే, డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) అయిన రాత్రే రాయి: అప్పటికి తెలిసిందేమిటి, ఇంకే దారులున్నాయి, నీకేమనిపించింది. మూడేళ్ల తర్వాత తెరువు. నా పేజీల్లో కొట్టివేతలు చాలానే ఉన్నాయి.

డబ్బు కూడా చూడాలి. 2002లో బేస్‌బాల్ జట్లు ఓక్లాండ్, న్యూయార్క్ యాంకీస్ చెరో 103 మ్యాచ్‌లు గెలిచాయి. యాంకీస్ జీతాల ఖర్చు దాదాపు మూడు రెట్లు. అంకె ఒకటే అయినా ఓక్లాండ్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ చేసిన పని వేరు.

పంట ఎవరు నాటిందో కూడా అడుగు. 2014 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో డెన్వర్ 41వ పిక్‌తో (ఎంపిక వంతుతో), తర్వాత మేటి ఆటగాడైన యోకిచ్‌ని తీసుకున్నప్పుడు అక్కడ మేనేజర్ టిమ్ కానెలీ. 2023లో ట్రోఫీ వచ్చేసరికి ఆయన మిన్నెసోటాలో ఉన్నాడు. అయినా ఒక్క యోకిచ్‌ని చూసి ఆయన్ని గొప్పవాడనకు. 41వ పిక్ అంటే ఆ జట్టు కూడా ముందు వేరేవాళ్లనే ఎంచుకుందని అర్థం. పది పన్నెండు పిక్‌లు వరసగా పెట్టుకుని చూస్తేగాని చూపు ఎంతో, అదృష్టం ఎంతో తెలీదు.

ఆ ఎంబీడ్‌ని తెచ్చిన ఫిలడెల్ఫియా మేనేజర్ శామ్ హింకీ సంగతి నాకిప్పటికీ బాధే. 2015-16లో ఫిలడెల్ఫియా 82 మ్యాచ్‌ల్లో 10 గెలిచింది, సీజన్ ముగిసేలోపే ఆయన రాజీనామా చేశాడు. అప్పటికి గాయంతో ఎంబీడ్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2023లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అలాగని హింకీని పూర్తిగా వెనకేసుకురాను. 2015 డ్రాఫ్ట్‌లో, తర్వాత మేటిగా తేలిన పోర్జింగిస్ ఉండగా, అంతగా రాణించని ఓకఫోర్‌ని తీసుకున్నదీ ఆయనే. రెండూ ఖాతాలో ఉండాలి.

మీ మేనేజర్ చేరిన రోజు జట్టులో ఎవరెవరున్నారు, ఎవరి కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుంది, యజమాని ఎంత ఖర్చుకు ఒప్పుకున్నాడు, ఇవి రాసి పంపు. నీ నోట్‌బుక్‌లో మొదటి పేజీ అదే.

ఆశీస్సులతో,
పెదనాన్న