పెరట్లో వేసే మోడల్ రైలు పట్టాలను సిమెంటులో బిగించాలా?

వద్దు, సన్న కంకర మీద వదులుగా పరిచి, అతుకుల దగ్గర వెంట్రుకవాసి ఖాళీలు ఉంచాలి. తోట రైలుకు ఎక్కువగా వాడే ఇత్తడి పట్టా ఎండకు సాగుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. విజయనగరంలో డిసెంబరు పొద్దున 10 మీటర్ల వరుస వేశారనుకోండి. మే మిట్టమధ్యాహ్నం ఆ లోహం 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పొడవుకు చోటు లేకపోతే పట్టా పక్కకు వంకరపోయి బండి పడిపోతుంది. ఖాళీ మీదుగా జాయినర్ (రెండు పట్టాల చివరలను కలిపే లోహపు తొడుగు) ఉంటుంది కాబట్టి, పట్టాల గుండా బండికి అందే కరెంటు గురించి టెన్షన్ అక్కర్లేదు.

'అసలు రైల్వేవాళ్లు పట్టాలను అతుకుల్లేకుండా వెల్డింగ్ చేస్తారు కదా, మనమూ అలాగే బిగిద్దాం' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ బరువైన కాంక్రీటు స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు), లోతైన కంకర కలిసి ఆ ఒత్తిడిని పట్టి ఉంచుతాయి. మన బుల్లి ప్లాస్టిక్ స్లీపర్లకు అంత బలం లేదు.